పాత యంత్రముల ఛాయాచిత్రములు: మెరుగు దిద్దుటలో మర్యాద

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చియు, పఠనమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. ఈ ప్రసంగమునకు విషయము వేరు. పాత యంత్రములు, వాటి ఛాయాచిత్రములు, ఆ చిత్రములకు మెరుగు దిద్దు విధానము, ఇవి ఇందలి విషయములు. గ్రంథాలయమునకు వీటితో సంబంధమేమని కొందరు శంకింపవచ్చును. సంబంధము కలదు. ఒక తరము చెప్పిన మాటను చెడకుండ మరియొక తరమునకు అందించుట గ్రంథాలయము చేయు పని. ఛాయాచిత్రము చేయు పనియు అదియే. వ్రాతప్రతిని పరిష్కరించు పండితుడు ఎంత జాగరూకతతో మెలగవలెనో, పాతవస్తువు చిత్రమునకు మెరుగు దిద్దువాడును అంత జాగరూకతతో మెలగవలెను.

ఒకప్పుడు తెలుగు గ్రామములలో ఎడతెగక వినిపించిన ధ్వని ఆయిల్ ఇంజను ధ్వని. బావిగట్టున నీరు తోడినది, పిండిమరను త్రిప్పినది, బియ్యపు మిల్లులో హల్లరును నడిపినది ఆ ఇంజనే. విద్యుత్తు మోటారు వచ్చిన పిమ్మట అది పశువులకొట్టము ప్రక్కకు చేరినది. అటుపిమ్మట పాత ఇనుము కొనువాని త్రాసు నెక్కినది. ఎడ్లు త్రిప్పిన ఇనుప చెరకు గానుగల గతియు నిట్టిదే. పట్టణములలోని పెద్ద యంత్రములకును వేరు గతి లేదు. 1934లో స్థాపితమైన వరంగల్లు ఆజంజాహి మిల్లు ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినది. అదియు మూతపడినది. దాని భవనములు చాలవరకు నేలమట్టమైనవి.

యంత్రము పోయిన పిమ్మట మిగులునవి రెండు: దానిని నడిపినవారి జ్ఞాపకము, ఎవరైనను తీసియుంచిన ఛాయాచిత్రము. జ్ఞాపకము మనిషితోడనే పోవును. కావున తుదకు ఛాయాచిత్రమే సాక్షియగును. సాక్షి శుభ్రమైన వస్త్రములు ధరించి న్యాయస్థానమునకు పోవుట తప్పు కాదు. సాక్ష్యమును మార్చుట తప్పు. ఈ రెంటికిని నడుమ గల గీత ఎచ్చట నున్నదో తెలిసికొనుటయే ఈ ప్రసంగమున ముఖ్యాంశము.

యంత్రపు ముఖము

యంత్రమునకు స్వభావమేమి, ముఖమేమి అని నవ్వవచ్చును. కాని బహుకాలము పనిచేసిన ఒక ఆయిల్ ఇంజనును దగ్గరనుండి చూడుడు. దేహమంతయు తుప్పు పట్టియుండును. త్రిప్పుడు హేండిలుపై అరచేయి పడినంత మేర మాత్రము నున్నగా మెరయుచుండును. బెల్టు ఒరసికొనిన చక్రపు అంచు అద్దమువలె నుండును. పునాది బోల్టులు నాలుగింటిలో ఒకటి వేరు కొలతది. ఎప్పుడో ఒకటి విరిగినప్పుడు ఊరి కమ్మరి దానిని చేసి యిచ్చియుండును. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచినచోట క్రింది ఎర్రరంగు కనబడును. పోతపోసిన అక్షరములు రంగు పొరల క్రింద సగము మునిగియుండును. నూనె టాంకుపై విజయదశమినాడు పెట్టిన పసుపుకుంకుమల మరక మిగిలియుండును.

ఇవన్నియు ఆ యంత్రము తన దేహముపై వ్రాసికొనిన చరిత్ర. కార్ఖానానుండి వచ్చిననాడు అట్టి ఇంజనులన్నియు ఒక్క తీరుననే యుండెను. ఎవరి చేతిలో పడినదో, ఎంత పని చేసినదో, ఎట్టి మరమ్మతు జరిగినదో, వాటినిబట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క ముఖమేర్పడెను. ఛాయాచిత్రమున కనబడవలసినది ఆ ముఖము. అది యంత్రములో ముందే యున్నది. మెరుగు దిద్దువాడు దానిని పుట్టింపనక్కరలేదు, కప్పిన తెరను తొలగించిన చాలును.

రెండు మార్గములు

యంత్రములను చిత్రించుటలో ప్రసిద్ధికెక్కినవారిలో రెండు మార్గములవారు కలరు. రెంటిని పోల్చి చూచుట ఉపయోగకరము.

మొదటిది జర్మనీ దేశీయులైన బెర్న్‌డ్ బెహర్ (1931-2007), హిల్లా బెహర్ (1934-2015) దంపతుల మార్గము. బెర్న్‌డ్ జన్మస్థలము సీగెన్. ఆ ప్రాంతపు ఇనుపగనులు 1950 దశకమున ఒక్కొక్కటిగా మూతపడుచుండెను. అతడు మొదట వాటిని పెన్సిలుతో చిత్రింప మొదలిడెను. కాని అతని పెన్సిలుకంటె కూల్చువారి పని వేగముగా నుండెను. చిత్రము ముగియకమునుపే కట్టడము మాయమగుచుండుటచే అతడు కెమెరా పట్టెను. 1959లో హిల్లా అతనితో కలిసి పనిచేయ నారంభించెను. 1961లో వారు వివాహమాడిరి. అటుపిమ్మట దశాబ్దములపాటు ఊరూర తిరిగి, గనులపైని చక్రపు గోపురములను, ఇనుము కరగించు కొలిమి గోపురములను, నీటి టాంకులను, గ్యాసు టాంకులను చిత్రించిరి.

వారి నియమములు కఠినములు. మబ్బు పట్టిన దినముననే చిత్రము తీయుదురు. ఎండ లేనందున గాఢమైన నీడలు పడవు, ప్రతి భాగమును సమముగా కనబడును. పెద్ద ఫిల్ము కెమెరాను ఎత్తైన తావున నిలిపి నిలువు గీతలు నిలువుగా నుండునట్లు చూతురు. చిత్రములు నలుపు తెలుపులలోనే యుండును. ఒకే జాతి కట్టడముల చిత్రములను వరుసలుగా పేర్చి ప్రదర్శింతురు. చూచువాడు మొదట అన్నియు ఒక్కటే యనుకొనును. కొంతసేపు నిలిచి చూచినచో ఏ రెండును ఒక్కటి కావని గ్రహించును. 1970లో వెలువడిన వారి గ్రంథమునకు ‘అనామక శిల్పములు’ అను అర్థము గల పేరు పెట్టిరి. 1990లో వెనిస్ ప్రదర్శనమున వారికి శిల్పకళా విభాగములో బహుమానము లభించుట విశేషము. వారు శిల్పములు చెక్కలేదు, ఫోటోలు తీసిరి.

ఈ పనివలన కలిగిన ప్రయోజనమునకు ఒక నిదర్శనము. డోర్ట్‌ముండ్ నగరమున జోలెర్న్ బొగ్గుగనికి 20వ శతాబ్ది ప్రారంభమున కట్టిన యంత్రశాల యొకటి కలదు. గని మూతపడిన పిమ్మట దానిని కూల్చుటకు సిద్ధపడిరి. కళాకారులును, పౌరులును దానిని నిలుపుమని ఉద్యమింపగా, అందు బెహర్ దంపతులును, వారి ఛాయాచిత్రములును తోడ్పడినవి. 1969 చివర ఆ యంత్రశాలకు ప్రభుత్వ రక్షణ లభించెను. నేడది ప్రదర్శనశాలగా నున్నది. ఏ అలంకారమును లేని నిరాడంబర చిత్రములు ఒక కట్టడమును నిలుపుటకు సాయపడినవని గుర్తుంచుకొనవలెను.

రెండవది అమెరికా దేశీయురాలు మార్గరెట్ బర్క్-వైట్ మార్గము. ఆమె 1927-28 ప్రాంతమున క్లీవ్‌లాండ్ నగరమందలి ఓటిస్ ఉక్కు కర్మాగారమున ఫోటోలు తీయ ప్రారంభించెను. కరిగిన ఉక్కు కొలిమినుండి దూకునప్పుడు కన్నులు మిరుమిట్లు గొలుపును. అయినను ఆమె ఫిల్ముపై ఏమియు సరిగా పడలేదు. కారణమేమనగా, నాటి ఫిల్ము నీలికాంతిని బాగుగా గ్రహించును గాని ఎర్రని కాంతిని గ్రహింపజాలదు. కరిగిన ఉక్కు వెలుగు ఎరుపు, నారింజ వన్నెలది. కంటికి సూర్యునివలె కనబడినది ఫిల్మునకు చీకటియే. తుదకు తెల్లని కాంతి నిచ్చు మెగ్నీషియము మతాబులను కొలిమిదగ్గర వెలిగించి, వెలుగునీడల తరతమములను విపులముగా చూపు మంచి కాగితముపై ముద్రించి ఆమె తన కోరిక నెరవేర్చుకొనెను.

మతాబులు వెలిగించుట మోసము కాదా? కాదు. కంటికి కనబడిన వెలుగును ఫిల్ము చూడలేకపోయినది. ఆ లోపమును ఆమె సవరించెను. లేని ఉక్కును ఆమె పోయింపలేదు. ఈ భేదమే మెరుగు దిద్దు విద్యకంతటికిని మూలము.

ఆమె పేరు భారతదేశమునకు క్రొత్త కాదు. 1946లో రాట్నము ప్రక్కన కూర్చుండి చదువుకొనుచున్న గాంధీమహాత్ముని చిత్రించినది ఆమెయే. చిత్రము తీయకమునుపు నూలు వడకుట నేర్చుకొని రమ్మని మహాత్ముని కార్యదర్శి ఆమెను కోరెను. యంత్రము పని తెలియనివాడు దాని చిత్రమును తీయజాలడని చెప్పుటకు ఇంతకు మించిన దృష్టాంతము అక్కరలేదు.

చీకటిగది విద్య

కంప్యూటరు రాకముందు మెరుగు దిద్దుట చీకటిగదిలో జరిగెడిది. పెద్దది చేయు యంత్రమునుండి నెగటివు గుండ వెలుగు కాగితముపై పడును. ఎక్కువ వెలుగు సోకినచోట కాగితము నల్లబడును. చక్రపు గుంటలో నీడ మరీ నల్లబడి ఆకులు కనబడకున్నచో, సన్నని తీగకు అట్టముక్క కట్టి ఆ తావుపై కొన్ని క్షణములు నీడ పట్టుదురు. అచ్చట వెలుగు తగ్గుటచే చిత్రము తేటపడును. కిటికీనుండి వచ్చు వెలుగు మరీ తెల్లబడియున్నచో, చిల్లి గల అట్టతో మిగిలినదంతయు కప్పి ఆ తావునకు మాత్రము మరికొన్ని క్షణములు వెలుగు పోయుదురు. అట్టను నిలకడగా పట్టినచో అంచు గీత పడి దొంగతనము బయటపడును. అందుచే చేయి మెల్లగా కదలించుచుండవలెను.

ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ నెగటివును సంగీతపు స్వరలిపితోను, ముద్రణమును గానముతోను పోల్చెను. త్యాగరాజ కీర్తనను ఇద్దరు విద్వాంసులు ఇరువిధముల పాడుదురు. ఇద్దరిదియు ఆ కీర్తనయే. కాని సాహిత్యమును మార్చి పాడినచో సభ ఒప్పుకొనదు. చిత్రమున కూడ అంతే.

నేటి పనిముట్లు

నేడు ఈ పనియంతయు కంప్యూటరు చేయుచున్నది. చేతిలోని ఫోనులోనే అన్ని మీటలును గలవు. మీటలు సులభమైనకొలది వివేకము అవసరము. పనిని ఈ క్రమమున జరుపుట మేలు.

మొదట, మూలచిత్రమును ముట్టరాదు. దానిని వేరుగా దాచి నకలుపై పని చేయవలెను. కెమెరా ‘రా’ పద్ధతిలో దాచగలిగినచో అట్లే దాచవలెను. సామాన్యపు ‘జేపెగ్’ చిత్రములో ఒక్కొక్క వన్నెకు వెలుగునుండి చీకటివరకు 256 మెట్లుండును. 14 బిట్ల ‘రా’ చిత్రములో 16,384 మెట్లుండును. నల్లని ఇనుముపై నల్లని నూనెమరక కనబడవలెనన్నచో ఆ మెట్లే ఆధారము.

రెండవది, వంకర సవరించుట. పొడవైన యంత్రమును క్రిందినుండి తీసినచో నిలువు గీతలు పైకి పోవుకొలది దగ్గరపడి, యంత్రము వెనుకకు పడబోవుచున్నట్లుండును. దానిని నిలువు చేయవచ్చును. అయితే పునాది క్రుంగి నిజముగనే ఒరిగిన యంత్రమును నిలువు చేయరాదు. ఆ ఒరుగుటయు దాని కథయే.

మూడవది, నలుపు తెలుపుల మార్పు. ఇచ్చట రహస్యమొకటి గలదు. ఆకుపచ్చ రంగు, దానిపైని ఎర్రని తుప్పు కంటికి స్పష్టముగా వేరు. కాని తిన్నగా నలుపు తెలుపులలోనికి మార్చినచో రెండును ఒకే బూడిదవన్నెలోనికి వచ్చి కలిసిపోవచ్చును. యంత్రము ముఖమంతయు అందు మునిగిపోవును. పూర్వము దీనికి రంగుటద్దములు వాడెడివారు. ఎర్రటద్దము ఎరుపును తెల్లబరచి ఆకుపచ్చను నల్లబరచును. ఆకుపచ్చ అద్దము దీనికి విపరీతముగా పనిచేయును. నేడు కంప్యూటరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలి వన్నెల పాళ్లను మార్చుటచే ఇదియే ఫలితము కలుగును. తుప్పులోని గుంటలు, పొరలు చూపదలచినచో ఎరుపు పాలు పెంచవలెను. రంగుపై తుప్పు ప్రాకిన తీరు చూపదలచినచో దానిని తగ్గించి తుప్పును నల్లబరచవలెను.

రంగుల చిత్రమైనచో మరియొక జాగ్రత్త అవసరము. మిల్లులోని పసుపుపచ్చ బల్బు వెలుగును కంప్యూటరు తనంతట తాను సవరించునప్పుడు, ఇత్తడి బుష్షు పసుపును, రాగి గొట్టపు ఎరుపును కూడ హరించును. ఇత్తడి ఇత్తడిగను, రాగి రాగిగను కనబడువరకు చేతితో సరిచూడవలెను.

నాలుగవది, తావు తావునకు వెలుగు దిద్దుట. చీకటిగదిలోని అట్టముక్క పనియే ఇది. చూచువాని కన్ను మొదట వెలుగున్న తావునకు పోవును. కావున గోడపైని వెలుగును కొంచెము తగ్గించి, హేండిలుపైని మెరుపును, పోతపోసిన అక్షరములను కొంచెము తేటపరచినచో యంత్రము తన కథను తానే చెప్పును. కొంచెము అను మాటను మరువరాదు.

ఐదవది, గరుకుదనము. వెలుగునీడల అంచులను పదునుపెట్టు మీటలు ఇనుపపోత గరుకును చక్కగా చూపును. మితిమీరినచో అంచులచుట్టు తెల్లని వలయములు లేచి, ఇంజను దేవతాపటములోని ప్రభావళి ధరించినట్లగును. దీనికి విపరీతమైనది, చీకటిలో తీసిన చిత్రములందలి చుక్కలను తుడుచు మీట. అది అతిగా వాడినచో ఇనుము మైనమువలె నున్ననగును. కొన్ని చుక్కలు మిగిలినను మేలు, ఇనుము ఇనుమువలె నుండవలెను.

మెరుగు దిద్దుటచే రానివియు కలవు. నిముసమునకు 600 చుట్లు తిరుగు చక్రమును సెకనులో వెయ్యవ వంతు కాలమున చిత్రించినచో, ఆ వ్యవధిలో చక్రము మూడు నాలుగు డిగ్రీలకంటె తిరుగదు. అది ఆగియున్నట్లే కనబడును. సెకనులో పదునైదవ వంతు కాలమున తీసినచో అది చుట్టులో మూడింట రెండు వంతులు తిరిగి, ఆకులు పొగవలె కలిసి వేగము కనబడును. అట్లే పోతపోసిన అక్షరములు ప్రక్కనుండి ఏటవాలుగా పడు వెలుగులోనే లేచి నిలుచును. ఉదయసాయంకాలపు ఎండకై వేచియుండుట ఏ మీటకంటెను మేలైన పని.

హద్దు

ఇంతవరకు చెప్పినది చేయదగిన పని. చేయరాని పని ఏది? ఒక పరీక్ష చాలును. ఆ యంత్రమును ఇరువదియేండ్లు నడిపినవాడు చిత్రమును చూచి, ‘ఇది ఆ ఇంజనే, ఎప్పుడును ఇంత బాగుగా చూడలేదు’ అనినచో మెరుగు సఫలమైనది. ‘బాగున్నది గాని, ఇది ఏ ఇంజను?’ అని అడిగినచో విఫలమైనది.

పండ్లచక్రములో విరిగిన పన్నును చిత్రమున అతికించుట, అతుకు వేసిన పొగగొట్టమును క్రొత్తదానిగ చేయుట, వేరు కొలత బోల్టును మిగిలినవాటివలె దిద్దుట, ఇవి చరిత్రను చెరపుట. లేని తుప్పును పూయుట, నిన్నటి చిత్రమునకు గోధుమవన్నె పూసి నూరేండ్లనాటిదిగ చూపుట, ఇవి చరిత్రను కల్పించుట. టాంకుపైని పసుపుకుంకుమల మరకను మురికియని తలచి తుడుచువాడు, ఆ యంత్రమునకు మ్రొక్కి పని ప్రారంభించిన కుటుంబమును చిత్రమునుండి వెడలగొట్టినవాడగును. ఇంజను అందము కొఱకై ప్రక్కన నిలిచిన పనివానిని కత్తిరించుటయు నిట్టిదే.

నేడు మరియొక ప్రమాదము వచ్చినది. కృత్రిమ మేధ యను పేర కంప్యూటరు, చిత్రమున లేని భాగములను తానే ఊహించి నింపుచున్నది. మసకబారిన పాత ఫోటోను తేటపరచుమని కోరినచో, చదువరాని అక్షరముల స్థానమున ఏవో అక్షరములను, కనబడని బోల్టుల స్థానమున ఏవో బోల్టులను అందముగా వ్రాసిపెట్టును. అవి ఎంత నమ్మదగినట్లు కనబడినను ఆ యంత్రమునకు చెందినవి కావు. తాళపత్రమున పురుగు తిన్న అక్షరములకు తన పద్యపాదమును చేర్చి మూలమని అచ్చువేయించువానికిని, దీనికిని భేదము లేదు. మంచి పరిష్కర్త అచ్చట చుక్కలు పెట్టి విడుచును. ఫోటోలో మసకను మసకగనే విడుచుట ఆ చుక్కలు పెట్టుటవంటిది.

గ్రంథాలయము చేయదగిన పని

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఈ విషయమున ఒక చిన్న పనికి పూనుకొనవచ్చును. దానికి ధనము ఎక్కువగా అక్కరలేదు. గ్రామమున ఇంకను మిగిలిన ఇంజనులు, గానుగలు, మిల్లు యంత్రములు ఎచ్చట నున్నవో యువకులు తిరిగి చూడవలెను. పాత ఇనుము బండి రాకమునుపే వాటిని చిత్రింపవలెను. ఒక్కొక్కదానికి మూడు చిత్రములు చాలును: పూర్తి రూపము ఒకటి, ముఖ్యభాగము దగ్గరనుండి ఒకటి, దానిని నడిపినవారితో కలిపి ఒకటి. మూలచిత్రమును, మెరుగు దిద్దిన చిత్రమును రెంటిని దాచవలెను. ఏమేమి దిద్దిరో ఒక్క వాక్యమున వ్రాయవలెను. కాగితముపై ముద్రించిన ప్రతియొకటి గ్రంథాలయమున నుండుట మేలు, ఫోనులు మారినప్పుడు అందలి చిత్రములు పోవుట అందరికిని తెలిసినదే.

ప్రతి చిత్రము వెనుక యంత్రము పేరు, ఉన్న చోటు, ఏ పనికి వాడిరో, ఎవరు నడిపిరో, ఏ సంవత్సరమున తీసిరో వ్రాయవలెను. మెరుగు ఎంత చక్కగా దిద్దినను, పేరును తేదియు లేని చిత్రము నలుబది యేండ్లకు ఊరు పేరు లేని అనాథయగును. ఆ వివరములు చెప్పగల వృద్ధులు నేడు గ్రామమున నున్నారు. వారిని అడిగి వ్రాసికొనుట ఈ పనిలో మొదటి భాగము, అదియే త్వరగా జరుగవలసిన భాగము.

బెర్న్‌డ్ బెహర్ పెన్సిలు కూల్చువారి వేగమును అందుకొనలేకపోయినది. నేడు ప్రతి యింటను కెమెరా కలదు గనుక ఆ కొఱత లేదు. కావలసినది చూచెడి ఓర్పు, ఉన్నదానిని ఉన్నట్లు తేటపరచు నేర్పు, లేనిదానిని చేర్చని నిగ్రహము. ఈ మూడును గల యువకులు ఈ గ్రంథాలయమున తయారగుదురుగాక. స్వర్ణోత్సవమునాడు ఈ గ్రామపు పిల్లలు ఆ చిత్రములను చూచి, తమ తాతలు ఏ యంత్రముతో ఎట్లు పనిచేసిరో నిశ్చయముగా తెలిసికొందురుగాక.